వర్తించనిది కొట్టివేయండి

నాకు పద్దెనిమిదేళ్లు నిండగానే ప్రభుత్వం నన్ను రెండు పనులకు పనికొచ్చే మనిషిగా గుర్తించింది. ఒకటి ఓటు వెయ్యడం, రెండోది జైలుకు పోవడం. మిగిలిన వాటన్నిటికీ మా పెదనాయన సంతకం కావాలి.

పెదనాయన మా నాయనకు అన్న. కోవిల్‌పట్టి నుంచి కడంబూరు పోయే దారిలో, తమిళ సీమలో నల్లరేగడి చేల మధ్య మా ఊరు. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎన్ని నోళ్లున్నా కాగితం మీదికి పోయే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి పెద్దవాడిది. పెళ్లి ఎవరి కూతురిదైనా పత్రిక పెద్దవాడి పేరుతోనే అచ్చవుతుంది. రేషన్ కార్డు ఆయన పేరున, బావి దగ్గర కరెంటు సర్వీసు ఆయన పేరున, నా మార్కుల కార్డు మీద సంతకం ఆయనది. మార్కుల కార్డు నాయన చూసేవాడు, బాధపడేవాడు, తీసుకుపోయి అన్నకు ఇచ్చేవాడు. పెదనాయన చూడకుండా సంతకం పెట్టేవాడు. పని పంచుకోవడమంటే అదే.

మా నాయనకు సంతకం రాక కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. పెట్టే సందర్భం రాలేదు, అంతే. పైగా మా ఇంట్లో తెలుగు నోటిది, తమిళం బజారుది, ఇంగ్లీషు పెదనాయనది. ఆయన పాతకాలం ఎస్సెస్సెల్సీ. తెల్లచొక్కా జేబులో బంగారు రంగు మూత ఉన్న పెన్ను ఎప్పుడూ ఉండేది. పొలానికి పోయినా ఉండేది. పత్తి మొక్కలు ఏదైనా దరఖాస్తు పెట్టుకుంటే సంతకం చెయ్యాలి కదా అని నేను అనేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఆ ఇంట్లో నా ఉద్యోగం అది.

తొంభైల చివర్లో నన్ను విరుదునగర్‌లో ఆడపిల్లల కాలేజీలో బి.కాం.లో వేశారు. హాస్టల్లో చేర్చిన రోజు ముగ్గురం బస్సులో పోయాం. పెదనాయన కాగితాల సంచి పట్టుకున్నాడు, నాయన నా రేకుపెట్టె భుజాన పెట్టుకున్నాడు, నేను నా భవిష్యత్తు పట్టుకున్నాను. మూడింట్లో తేలికైనది అదే.

హాస్టలు ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. పిల్లను కాలేజీకి పంపే పెద్దలు ఆ ఫారంలో తమ అధికారాలు సగం రాసిచ్చేయాలి. పిల్లను ఎవరు చూడవచ్చు, ఎవరి వెంట బయటికి పంపవచ్చు, జ్వరమొస్తే ఎవరు డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు. మామూలు వైద్యానికి వార్డెనుకు అనుమతి ఇస్తున్నాననీ, ఆపరేషను దాకా వస్తే మాత్రం కింద సంతకం చేసినవారు వచ్చి ఒప్పుకోవాలనీ అందులో ఉంది. అన్నిటికీ కలిపి అడుగున ఒకే సంతకం. ఆ సంతకం చోటు కింద తండ్రి, సంరక్షకుడు అని రెండు మాటలు, వాటి పక్కన ఒక సూచన: వర్తించనిది కొట్టివేయండి.

పెదనాయన ఫారం మొత్తం ఇంగ్లీషులో పైకి చదివాడు. నాయన పెట్టె దించకుండా విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అయ్యవారి మంత్రాలు వింటున్నట్టు మధ్యమధ్య తల ఊపాడు. చదవడం అయ్యాక పెదనాయన గుమస్తా బల్ల మీది స్కేలు అడిగి తీసుకుని, తండ్రి అన్న మాట మీద నీటుగా ఒక గీత గీశాడు. సంతకం పెట్టాడు. జేబులోంచి తన ఫోటోలు తీసి, ఫారం మీద ఒకటి, గేటు దగ్గర ఉంచే కార్డు మీద ఒకటి అంటించాడు.

“పెదనాయనా, నాయనను కొట్టేస్తివే,” అన్నాను. “ఆయన ఇంగ ఇంటికి పోవచ్చునా, పెట్టె దించినాక పోవాల్నా?”

ముందు నవ్వింది నాయనే.

“నోరు మూసుకో పిల్లా,” అన్నాడు పెదనాయన. “ఇది లీగలు.”

అందులో తప్పుందని ఎవరికీ అనిపించలేదు. ఇంటి పెద్ద ఉండగా తండ్రి ఎందుకు వర్తిస్తాడు?

మొదటి ఏడాది గడవకముందే ఇల్లు రెండైంది. కారణం అడిగితే అన్నదమ్ములు చెరొకటి చెబుతారు, రెండూ కాదని మా అమ్మ మూడోది చెబుతుంది. ముందు పొయ్యి రెండైంది, తరువాత పొలం రెండైంది, నడుమ గోడ లేచింది. పంచడానికి వీలు కానిది ఒక్కటే మిగిలింది, మా తాత తవ్వించిన బావి. మా వైపంతా వానను నమ్మి విత్తే నేల. బావి ఉన్నవాడు మిరప పెడతాడు, లేనివాడు మబ్బును చూస్తాడు.

కరెంటు సర్వీసు నా పేరున ఉంది కాబట్టి బావి నాది అన్నాడు పెదనాయన. నీళ్లు కావాలంటే తమ్ముడు నోరు తెరిచి అడిగితే చాలు, నేను కాదంటానా అన్నాడు. అడిగి తీసుకునేది నా నీళ్లు ఎట్లవుతాయి అన్నాడు నాయన. బావిలో తన సగం వదులుకుంటున్నట్టు రాసిన కాగితం ఒకటి పెదనాయన తయారు చేయించాడు. నాయన పెట్టనన్నాడు. బుద్ధెరిగిన తరువాత మా నాయన అన్నకు ఎదురు చెప్పింది ఆ ఒక్క సంగతిలోనే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు.

ఇంటి సామానుకు, పశువులకు, చెట్లకు కూడా ఎవరి భాగం ఎవరిదో చెప్పారు. నా హాస్టలు ఫారానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం నాయన నన్ను చూడడానికి వచ్చాడు. చేతిలో కోవిల్‌పట్టి కడలమిట్టాయి పొట్లం, అంటే మా వైపువాళ్లు దేశానికంతటికీ పంచే వేరుశనగ బెల్లం అచ్చు. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఒకాయన ఉండేవాడు. మేమందరం తాతా అనేవాళ్లం. ఆయన దగ్గర ఫోటోలు అంటించిన కార్డుల కట్ట ఉండేది. నా కార్డు తీసి ఫోటో చూశాడు, నాయనను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

“ఈయన వేరే,” అన్నాడు తమిళంలో.

“నేను పిల్ల తండ్రినయ్యా,” అన్నాడు నాయన.

“ఫోటోలో ఉన్నది తండ్రి కాదా?”

“ఆయన మా అన్న.”

“అయితే మీ అన్నను రమ్మనండి.”

నేను లోపలి నుంచి అందుకున్నాను. “తాతా, ఈయన మా నాయనే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను.”

“పోయిన నెల ఇక్కడే నిలబడి ఒక పిల్ల ఒకణ్ణి చూపించి మా అన్న అని చెప్పిందమ్మా,” అన్నాడు తాత. “వచ్చే తై నెలలో, పొంగలు దాటగానే, వాళ్లిద్దరికీ పెళ్లి.”

నాయన పొట్లం కమ్మీల సందులోంచి అందించాడు.

“తింటివా?”

“తింటిని. నువ్వు?”

“తింటిని.”

ఆ రోజు మా తండ్రీకూతుళ్ల ములాఖత్తు అంతే. పై వారం కాస్త సన్నబడి రా నాయనా, కమ్మీల సందులోంచి దూరవచ్చు అన్నాను. ఆయన నవ్వాడు. కార్డు మార్చాలంటే సంతకం చేసినాయనే ఉత్తరం రాసివ్వాలని ఆఫీసులో చెప్పారు. సంతకం చేసినాయనతో నాయనకు మాటలు లేవు. “సుమ్మా విడు పాపా, ఊరికే వదిలెయ్యి,” అని వెళ్లిపోయాడు. ఆ రోజే బస్టాండు పక్కన స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటో తీయించుకున్నాడని తరువాత అమ్మ చెప్పింది. పెట్టెలో, ఆయన పెళ్లి పంచె మడతలో, అంటించే చోటు లేని ఫోటో ఒకటి అలా ఉండిపోయింది.

ఆ రెండో ఏడాదిలోనే ఎన్నికలు వచ్చాయి. హాస్టలు మొత్తాన్నీ ఇళ్లకు పంపారు. నేను ఊరికి పోయి మొదటిసారి ఓటు వేశాను. బూత్‌లో నాకు ఎవరి అనుమతీ అడగలేదు. పెదనాయన ఫోటో అడగలేదు. కొంచెం నిరాశగా కూడా అనిపించింది. ఎడమచేతి వేలి గోటి మీద సిరా గీత పెట్టి పంపేశారు.

ఆ సిరా ఇంకా పోకముందే కడుపునొప్పి వచ్చింది.

పొద్దున అకౌంటెన్సీ క్లాసులో మొదలైంది. పక్కపిల్లలు హాస్టలు సాంబారు వల్ల అన్నారు. నేను బ్యాలెన్సు షీటు వల్ల అన్నాను. వార్డెనమ్మ వాము నీళ్లు తాగించింది. మధ్యాహ్నానికి నిటారుగా నిలబడలేకపోయాను, జోకు కూడా రాలేదు. అప్పుడు అందరికీ భయం వేసింది. వార్డెనమ్మ ఆటోలో ఎక్కించుకుని ఊళ్లోని ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయింది.

డాక్టరు పొట్ట కుడివైపు కింద నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. వార్డెనమ్మ ముందు అనకూడని తమిళ మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది. డాక్టరుకు అదే సరైన జవాబులాగుంది, తల ఊపాడు. అపెండిసైటిస్ అన్నాడు. ఈ సాయంత్రమే తీసెయ్యాలి, పగిలిందంటే ఇబ్బంది, ఆలస్యం చెయ్యవద్దు అన్నాడు.

వార్డెనమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి నా ఫారం తీసింది. కింద సంతకం చేసినవారు వచ్చి ఒప్పుకోవాలి అన్న వాక్యాన్ని వేలితో చూపించింది. ఆమె చెడ్డ మనిషి కాదు. అంతకుముందు ఒక పిల్లకు ఇలాగే కాలు విరిగి కట్టు కట్టిస్తే, నన్నడగకుండా ఎట్ల ముట్టుకుంటిరి అని ఆ పిల్ల తండ్రి హాస్టలు గుమ్మంలో బైఠాయించాడట. అప్పటి నుంచి ఆమె దేవుడి కంటే కాగితానికి ఎక్కువ భయపడేది.

ఫారంలో ఉన్న నంబరుకు ఫోను చేసింది. అది పెదనాయన ఇంటి ఫోను. ఆయన విత్తనాల కోసం పుదూరు పోయాడు. ఫోను ఎత్తిన పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చి, ఆ గోడ లేచిన తరువాత మొదటిసారి, అవతల ఉన్న మా అమ్మతో మాట్లాడింది. నా అపెండిక్స్ ఆ కుటుంబానికి చేసిన మేలు ఏదైనా ఉందంటే అది ఒక్కటే.

ముందు వచ్చింది నాయన. సాత్తూరు మీదుగా రెండు బస్సులు మారి, ఒక ఫ్లాస్కూ ఒక దుప్పటీ పట్టుకుని వచ్చాడు. తాను నా తండ్రినని రుజువు చెయ్యడానికి ఆయన దగ్గర ఉన్నవి ఆ రెండే.

“నేను ఈ పిల్ల తండ్రినమ్మా. కాగితం ఈయండి, నేను కయ్యెళుత్తు పెడతాను,” అన్నాడు. మా వైపు సంతకాన్ని అట్లాగే అంటారు.

వార్డెనమ్మ ఫారం ఆయన ముందుకు జరిపింది. “ఇక్కడ తండ్రి లేడే అయ్యా. గీత గీసి ఉందే.”

“అది మా అన్న గీసినాడు. అప్పుడు అంతా ఒకటిగా ఉండాము. సుమ్మా గీసినాడు.”

“నాకు తెలుసయ్యా. ముక్కు చూస్తేనే తెలుస్తోంది మీ కూతురని,” అంది. “కానీ రేపు ఏదైనా అయితే, సంతకం పెట్టిన మనిషి వచ్చి, వీణ్ణి ఎవరు పెట్టమన్నారని నన్నడిగితే?”

డాక్టరు చేతులు కడుక్కుంటూ, మీరూ మీరూ తేల్చుకోండి, త్వరగా తేల్చుకోండి అన్నాడు. నాయన తన ముక్కు ఒకసారి తడుముకున్నాడు. ఆ ముక్కు ఉండీ లాభం లేకపోయింది.

అప్పుడు నేను పక్క మీది నుంచి ఎడమ చెయ్యి ఎత్తాను. గోటి మీద సిరా గీత చూపించాను.

“నేను పెడతాను,” అన్నాను. “కడుపు నాది. నొప్పి నాది. నాకు ఓటుంది. ఢిల్లీలో ఎవరుండాలో చెప్పినదాన్ని, నా పొట్టలో ఏముండాలో చెప్పలేనా?”

నర్సు ముందు నవ్వింది. వార్డెనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఈ అమ్మాయిని మత్తు లేకుండానే కొయ్యొచ్చు, నోరే చాలు అన్నాడు. నాయన కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన మనుషులు, వాళ్లకు ఆ నవ్వు అవసరం. నేను చెయ్యి దించేశాను. బాగా పండిన జోకు తరువాత, అది జోకు కాదని చెప్పడం మా వృత్తికి మర్యాద కాదు. పైగా నొప్పి మళ్లీ వచ్చింది.

నాయన లేచి బయటికి పోయాడు.

నా పక్క కిటికీ వైపు ఉంది. రోడ్డుకు అవతల అద్దాల ఎస్టీడీ బూతు ఒకటి ఉంది. నాయన చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. బూతులోకి చెప్పులతో పోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నంబరు తిప్పించుకుని రిసీవరు చెవిన పెట్టుకున్నాడు. అవతల ఇల్లు చేరిన పెదనాయనే ఫోను ఎత్తాడు కాబోలు, వెంటనే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మా వైపు పెద్దవాళ్ల ముందు భుజాన తువ్వాలు ఉంచుకోరు. అన్న అన్ని మైళ్ల దూరాన ఉన్నాడు. కొద్దిగా వంగి, చంకలో తువ్వాలుతో, ఆ గాజుపెట్టెలో నిలబడి నాయన ఫోనుకు తల ఊపుతున్నాడు. మాటలు నాకు వినపడలేదు. వినపడనందుకు ఇప్పటికీ సంతోషమే.

దీపాలు వెలిగించే వేళకు పెదనాయన వచ్చాడు. పుదూరు నుంచి ఇంటికి చేరిన మనిషి కాళ్లు కూడా కడగకుండా, ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. వస్తూనే నా దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఒక కాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయన చూసుకోలేదు. ఈ ముక్క రాయకుండా వదిలేస్తే కథ నాకు సులభమవుతుంది. కానీ చూసుకోలేదు.

“బయపడొద్దు పిల్లా,” అన్నాడు. “నేనుండాను కదా.”

“అదే పెదనాయనా, పొద్దుటి నుంచి అందరూ చెప్తుండారు, నువ్వుండాల్నని,” అన్నాను.

ఆయన నవ్వలేదు. గుమ్మం అవతల నడవాలో నర్సు బల్ల ఉంది. నర్సు ఆపరేషను కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పెదనాయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆ పెన్నుతో పాటు అదే జేబులోంచి నాలుగు మడతల కాగితం కూడా తీశాడు. తీసి, విప్పి, చేత్తో రుద్ది సాపు చేసి, నా కాగితం పక్కన పెట్టాడు. నేను పడుకున్న చోటి నుంచి రెండూ కనపడుతున్నాయి. నాయనకు ఆ మడతల కాగితం బావిదని విప్పకముందే తెలుసు.

పెదనాయన ఏమీ అడగలేదు. ఇది పెడితే అది పెడతానని అనలేదు. అలా అని ఉంటే ఆయన దుర్మార్గుడని చెప్పుకుని మేము హాయిగా బతికేవాళ్లం. ఆ కాగితం నా కోసం తెచ్చింది కాదు, అది ఎన్నో నెలలుగా ఆ జేబులోనే ఉంది, చొక్కా మారినప్పుడల్లా అదీ మారేది. ఆయన పెన్ను మూత తీసి, రెండు కాగితాల నడుమ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద పెన్ను ఒకటే.

“ఎవరైనా ఒకరు త్వరగా పెట్టండయ్యా,” అంది నర్సు. ఆమెకు ఒకే కాగితం సంగతి తెలుసు.

నాయన పెన్ను తీసుకున్నాడు. మడతల కాగితం చదవలేదు. వంగి సంతకం పెట్టాడు. మా నాయన సంతకం నేను చూడడం అదే మొదటిసారి. చాలా సేపు పెట్టాడు. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, బడిలో ప్రార్థనకు నిలబడిన చిన్నపిల్లల్లాగా, ఒకదాన్నొకటి తాకకుండా. పెట్టి, పెన్ను అన్నకు రెండు చేతులతో ఇచ్చాడు. పెదనాయన నా కాగితం మీద ఒక్క విసురులో సంతకం కొట్టాడు. మడతల కాగితం జేబులోకి పోయింది. నేను లోపలికి పోయాను.

కళ్లు తెరిచేసరికి ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మాట్లాడుకుంటున్నారు. పుదూరులో విత్తనాల రకం బాగా లేదట.

కుట్లు విప్పే రోజు నాయన ఒక్కడే వచ్చాడు. డాక్టరు కుట్లు విప్పుతుండగా, ఎంతో కాలంగా మనసులో మెదులుతున్నట్టు, ఒక మాట అడిగాడు.

“డాక్టరుగారూ, ఇంగ ఒకసారి ఇట్ల వస్తే నేను కయ్యెళుత్తు పెట్టేదానికి ఏ కాగితం తేవాల?”

“మీరెందుకు పెట్టాలి?” అన్నాడు డాక్టరు, దారం లాగుతూ. “అమ్మాయికి వయసు వచ్చేసింది కదా. పద్దెనిమిది దాటితే తన ఒంటికి తనే పెట్టుకోవచ్చు. స్పృహ ఉంటే చాలు.”

“ఆ పొద్దు?”

“ఆ పొద్దు కూడా అంతే. కాలేజీ కాగితం వాళ్ల భద్రం కోసం వాళ్లు రాసుకునేది. మామూలుగా మేం ఇంటివాళ్ల చేతనే పెట్టిస్తాం. మీ వార్డెన్ పెద్దాయన పెట్టాలంది, పెద్దాయన వస్తున్నాడన్నారు, సరే కదా అని నేనూ పట్టుబట్టలేదు.” తరువాత ఆయనకే ఏదో గుర్తొచ్చింది. “ఈ అమ్మాయి చెప్పిందే ఆ రోజు. వేలు చూపించి. భలే నవ్వించావమ్మా.”

మళ్లీ నవ్వాడు. ఈసారి గదిలో నవ్వింది ఆయన ఒక్కడే.

ఇంటికి పోయే బస్సు సాత్తూరులో ఆగింది. దోసకాయలమ్మే ఆడవాళ్లు గంపలతో కిటికీల దగ్గరికి వచ్చారు. నాయన రెండు కొని, ఒకటి నాకిచ్చి, ఒకటి చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. తినలేదు. బస్సు కదిలాక అడిగాడు.

“నువ్వు ఆ పొద్దు సెప్తివి కదా పాపా.”

“సెప్తిని.”

“నిజంగానే సెప్తివా?”

“నిజంగానే సెప్తిని నాయనా.”

కొంత దూరం పోయాం. రోడ్డు పక్కన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆవరణలో పుల్లలు ఎండలో పరిచి ఉన్నాయి.

“నేను గూడా నవ్వితిని,” అన్నాడు.

ఏదో ఒకటి అనాలి. అది నా ఉద్యోగం. దోసకాయ కొరుక్కుని కూర్చున్నాను.

తరువాత సంగతి పెద్దగా లేదు. పెదనాయన మనస్ఫూర్తిగా హాస్టలుకు ఉత్తరం రాసిచ్చాడు. పెళ్లి పంచె మడతలోని ఫోటో నా కార్డు మీద అంటించారు. నాయన ఆదివారాలు గేటులోంచి లోపలికి వచ్చి, చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని, తింటివా అని అడిగేవాడు. వాచ్‌మన్ తాత ఆయనకు నమస్కారం కూడా పెట్టేవాడు. బావి పోయిన తరువాత మా నాయనకు నన్ను చూసే హక్కు వచ్చింది.

బావి కాగితం రిజిస్టరు కాలేదు, కోర్టుకు పోతే అది నిలవదు అని కోవిల్‌పట్టిలో తెలిసిన వకీలు ఒకాయన చెప్పాడు. అమ్మ ఎంతో ఆశగా ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది. నాయన వినలేదు. “కయ్యెళుత్తు పెట్టితిని కదా,” అన్నాడు. ఆయన జీవితంలో పెట్టిన మొదటి సంతకం అది. మొదటిదాన్నే కాదంటే ఇంక రెండోదానికి విలువేముంటుంది అనుకున్నాడో ఏమో. అవసరం లేని కాగితం కోసం చెల్లని కాగితం మీద సంతకం పెట్టాడు. రెండూ అక్షరం పొల్లుపోకుండా అమలయ్యాయి.

నీళ్లు అడిగితే పెదనాయన కాదనేవాడు కాదు. నాయన అడగలేదు. రెండు కాపుల మిరప ఎండిపోయింది. తరువాత మా చేలో వానకు వచ్చే సజ్జ, మినుము, అంతే. రెండువేల సంవత్సరం దాటాక నాయన కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లులో పనికి చేరాడు. నెలనెలా జీతం తీసుకున్నప్పుడు అక్కడ సంతకం పెట్టాలి. ఇప్పుడు ఆయన సంతకం బాగా త్వరగా పెడతాడు. అక్షరాలు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి.

మారింది ఇంకొకటి ఉంది. నాయన నా జోకులకు నవ్వడం మానేశాడు. కోపంతో కాదు. నేను ఏదన్నా సరే ముందు ఆగి, అది నిజమేమో అని ఒకసారి చూసుకుంటాడు. చూసుకునేలోపు నవ్వే సమయం దాటిపోతుంది. మిగిలిన ఇల్లంతా నవ్వుతున్నప్పుడు ఆయన ఒక్కడే నా మొహంలోకి చూస్తుంటాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా పెద్ద దెబ్బ లేదు.

మొన్న ఊరికి పోయినప్పుడు మంచి వాన పట్టుకుంది. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఇట్లనే రెండు పొద్దులు పడిందంటే,” అన్నాను, “బావి పొంగి, దానికదే నడిచి మన చేలోకి వస్తాది నాయనా.”

లోపల అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. అరుగు దిగి, తలమీద తువ్వాలు వేసుకుని, వానలో నిలబడి బావి ఉన్న వైపు చూశాడు.